సగం ములాఖాత్

ఖత్ ఆధీ ములాఖాత్ అని మా ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఉత్తరం సగం ములాఖాత్ అని. ఆ మాట విన్నప్పుడల్లా మమ్మల్ని ఒక ప్రశ్న తొలిచేది. మరి మిగతా సగం ఎక్కడుంది? దాన్ని ఎవరు పూర్తి చెయ్యాలి?

ఇప్పుడు ఉత్తరాల స్థానంలో ఫోను వచ్చింది. ముఖం చూడని మనిషితో రోజూ మాట్లాడుతున్నాం. కొన్నాళ్లకు ఆ మనిషి ఊరు వెళ్తున్నాం, వాళ్లింట్లో అన్నం తింటున్నాం. ఇదంతా ఇంటర్నెట్టు తెచ్చిన వింత అని అందరూ అనుకుంటున్నారు. కానీ ముఖం చూడకుండా స్నేహం చెయ్యడం, ఆ స్నేహం వెంట నడిచివెళ్లడం మాకు పాత అలవాటే. ఎదుటివాళ్ల గడప దగ్గర ఆగిపోవలసి రావడమూ మాకు పాత అనుభవమే. ఈ రెండూ కలిపి చెప్పుకుంటేనే అది మా చరిత్ర అవుతుంది.

1854లో బ్రిటిష్ ఇండియాలో ఉత్తరానికి ఒకే రేటు పెట్టారు. పావు తులం బరువుకు అర్ధణా. పక్క ఊరికి పోయినా, వెయ్యి మైళ్లు పోయినా అంతే. దూరానికి ధర పోయింది. ఆ తర్వాత మూడేళ్లకే 1857 వచ్చింది. సెప్టెంబరులో ఢిల్లీ తిరిగి ఇంగ్లీషువాళ్ల చేతిలో పడింది. నగరంలోంచి జనాన్ని వెళ్లగొట్టారు. హిందువులను ముందు రానిచ్చారు. ముస్లిములకు మాత్రం చాలాకాలం దారి ఇవ్వలేదు. బల్లీమారాన్‌లో మిగిలిపోయిన మీర్జా గాలిబ్‌కు మాట్లాడడానికి మనుషులు కరువయ్యారు. ఉత్తరాలే ఆయనకు మెహఫిల్ అయ్యాయి. ఉత్తరాన్ని ముఖాముఖి మాటగా మార్చేశానని ఆయనే చెప్పుకున్నాడు.

ఆ ఉత్తరాలు ఎవరికి? ముందు చెప్పవలసిన పేరు మున్షీ హర్‌గోపాల్ తఫ్తా. హిందువు, ఫారసీ కవి, గాలిబ్ శిష్యుడు. గాలిబ్ ఆయన్ను మీర్జా తఫ్తా అని పిలిచేవాడు. తన పేరు ముందున్న మీర్జాను శిష్యుడికీ పంచిపెట్టాడన్నమాట. 1858లో గాలిబ్ రాసిన 'దస్తంబూ' ఆగ్రాలో అచ్చయింది. ప్రెస్సు యజమాని మున్షీ శివ్‌నారాయణ్‌తో ఆయన ఉత్తరాలు నడిపాడు. అన్నీ అచ్చు పని గురించే. ఇంతలో ఒక సంగతి తెలిసింది. ఈ శివ్‌నారాయణ్ తాత బన్సీధర్ ఎవరో కాదు, ఆగ్రాలో గాలిబ్‌తో కూర్చుని చదరంగం ఆడిన చిన్ననాటి తోడు. అక్కడినుంచి ఉత్తరాల తీరు మారిపోయింది. గిరాకీ బేరం కాస్తా చుట్టరికం అయింది. కుటుంబాల మధ్య తెగిపోయిన దారాన్ని తపాలా బంట్రోతు తెచ్చి ముడివేశాడు.

మన నిజాం రాజ్యానికి వేరే తపాలా ఉండేది. 1869లో మొదటి బిళ్లలు వచ్చాయి. 1871లో వచ్చిన బిళ్ల మీద ఉర్దూ, తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు నాలుగూ ఉన్నాయి. నాలుగు భాషలవాళ్లు ఒకే బిళ్ల అంటించి ఉత్తరం వేసేవాళ్లు. తెలుగు, ఉర్దూ పక్కపక్కన ఉండలేవని వాదించేవాళ్లకు ఆ చిన్న కాగితం ముక్క చాలు. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది.

అప్పటికే మా ఇళ్లు చీలిపోయాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ ముందూ తర్వాతా హైదరాబాదు నుంచి ఎందరో కరాచీ వెళ్లిపోయారు. అక్కడ వాళ్లుండే పేటకు హైదరాబాద్ కాలనీ అన్న పేరు నిలిచింది. మా అమ్మీ ఖాలా ఒకావిడ అలా వెళ్లినవాళ్లలోనే ఉంది. ఆమె ఉత్తరం వస్తే ఇల్లంతా చేరేది. చింతపండు అక్కడ దొరుకుతోందా, బగారా బైంగన్ కుదురుతోందా, ఇవే సంగతులు. కానీ ఉత్తరం మీద పాకిస్తాన్ ముద్ర ఉండేది. ఆ ముద్ర కనపడకుండా కవరును ఖురాన్ అల్మారా వెనక దాచేవాళ్లు. ఒక చెల్లెలు అక్కకు రాసుకున్న మాటలు. వాటిలో దాచవలసింది ఏముంది? ఏమీ లేదు. అయినా దాచాం. మాకు సగం ములాఖాత్ కూడా భయంభయంగానే దక్కింది.

మేము చదువుకునే రోజుల్లో ఉర్దూ పత్రికల్లో ఖల్మీ దోస్తీ అని ఒక పేజీ వచ్చేది. తెలుగు పత్రికల్లో కలం స్నేహం. పేరు, వయసు, అభిరుచులు, చిరునామా. మేము రెండింటికీ రాసేవాళ్లం. ఉర్దూ పేజీ నుంచి జవాబులు వచ్చేవి. తెలుగు పేజీ నుంచీ వచ్చేవి, కానీ కొన్నింటిలో మొదటి ప్రశ్న ఒకటే. మీరు తెలుగు ఎలా నేర్చుకున్నారు? పుట్టిన ఊరి భాషను ఎలా నేర్చుకుంటారో ఎవరైనా చెప్పగలరా?

ఇంకోవైపు గల్ఫ్. 1973లో చమురు ధర పెరిగాక పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మనుషులు ఎడారికి కదిలారు. చదువురాని అమ్మలకు ఉత్తరం పనికిరాదు. కొడుకులు క్యాసెట్టులో మాటలు నింపి, సెలవు మీద వచ్చేవాళ్ల చేత పంపేవాళ్లు. ఆ క్యాసెట్టు తెచ్చిన మనిషి ఎవరో మాకు తెలియదు. అయినా మా ఇంట్లో చాయ్ తాగి, కొడుకు ఎలా ఉన్నాడో చెప్పి, అన్నం తిని వెళ్లేవాడు. మరుసటి సెలవులో అతని పెళ్లికి మేమే వెళ్లేవాళ్లం. అతను ముస్లిం కావచ్చు, పద్మశాలి కావచ్చు. అరబ్బు దేశంలో ఒకే గదిలో పడుకున్నవాళ్లకు ఇక్కడ వేర్వేరు వీధులు అడ్డమవుతాయా?

1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్నెట్టు మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది. 2004లో ఆర్కుట్ వచ్చింది, 2014లో మూతపడింది. ఆ పదేళ్లలో మాకు అక్కడ ఒక కవిత్వ గుంపులో ఒక తెలుగు మిత్రుడు దొరికాడు. మేము రాసిన ఉర్దూ షేర్లకు తెలుగులో అర్థం అడిగేవాడు. మూడేళ్లు మాట్లాడుకున్నాక ఒక రంజానులో ఇఫ్తారుకు పిలిచాం. దస్తర్‌ఖాన్ ముందు కాళ్లు ఎలా ముడుచుకోవాలో తెలియక తికమకపడ్డాడు. అమ్మీ ఖర్జూరం చేతిలో పెట్టి, "బేటా, సిగ్గుపడకు, నీ ఇల్లే" అంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అతను అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తు.

"భాయ్, మా ఇల్లు ఇక్కడికి రెండు కిలోమీటర్లు. పుట్టి పెరిగింది అక్కడే. ఈ వీధిలోకి రావడం ఇదే మొదటిసారి."

రెండు కిలోమీటర్లు నడవడానికి అతనికి ముప్పై ఏళ్లు పట్టింది. దారి చూపించింది మాత్రం ఎక్కడో అమెరికాలో ఉన్న కంప్యూటరు.

2020 మార్చిలో ఢిల్లీ మర్కజ్ వార్త వచ్చాక ముస్లిములు కావాలని కరోనా అంటిస్తున్నారని ఫోన్లలో విషం పారింది. పళ్ల బండి నడుపుకునే మనిషిని పేరు అడిగి తరిమిన రోజులవి. తబ్లీగీ విదేశీయులను బలిపశువులను చేశారని ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తేల్చింది. కానీ తీర్పు వచ్చేదాకా మా పక్షాన మాట్లాడింది ఎవరు? మా మిత్రుడు తన కాలనీ వాట్సాప్ గుంపులో ఒక్క వాక్యం రాశాడు. "వాళ్లింట్లో పదేళ్లుగా తింటున్నాను, నాకేమీ కాలేదు." గుంపులో ఇద్దరు ముగ్గురు అతనితో మాట్లాడ్డం మానేశారు. అతను మాత్రం ఆ వాక్యం తీసెయ్యలేదు. మా ఇంటికి రాని స్నేహితులు కూడా మాకు వందలమంది ఉన్నారు. వాళ్లు ఆ నెలంతా మౌనంగా ఉన్నారు. చెడ్డవాళ్లు అనలేం. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే వాళ్లు ఏమీ చూడలేదు.

తెర దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు అని కొందరు తేలిగ్గా అంటారు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరొకసారి ముస్లిం స్త్రీల ఫోటోలు ఎత్తుకొచ్చి, వాళ్లను వేలానికి పెట్టినట్టు యాప్‌లు తయారుచేశారు. జర్నలిస్టులు, చదువుకున్నవాళ్లు, నోరున్నవాళ్లు ఆ జాబితాల్లో ఉన్నారు. స్నేహం కోసం పెట్టుకున్న ఫోటో సంతలో సరుకైంది. మా ఆడపిల్లలు ఆ రోజు ఫోటోలు తీసేశారు. కొందరు మళ్లీ పెట్టలేదు. తెర మీది స్నేహాన్ని పొగిడేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పాలి.

అదే 2022 జూలైలో ఇంకొకటి జరిగింది. పూణేలో ఉండే తొంభై ఏళ్ల హిందూ పెద్దావిడ ఒకరు వాఘా దాటి రావల్పిండి వెళ్లారు. 1947లో పదిహేనేళ్ల పిల్లగా వదిలివచ్చిన ఇల్లు అక్కడుంది. ఫేస్‌బుక్‌లో రెండు దేశాల వారసత్వం గురించి మాట్లాడుకునే గుంపులో ఆమె ఆ ఇంటి సంగతి రాస్తే, రావల్పిండి మనిషి ఒకరు వీధులు వెతికి ఇల్లు కనిపెట్టి ఫోటోలు పంపారు. మొదట వీసా రాలేదు, తర్వాత వచ్చింది. 75 ఏళ్ల తర్వాత ఆమె ఆ వీధిలో అడుగు పెడితే అక్కడివాళ్లు డోలు వాయించి, పూలు చల్లి లోపలికి తీసుకెళ్లారు. ఆ వార్త చదివి అమ్మీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పటికి కరాచీ ఖాలా బతికిలేదు. అక్కాచెల్లెళ్లు సగం ములాఖాత్‌తోనే సరిపెట్టుకున్నారు. పహల్‌గామ్ హత్యల తర్వాత 2025 ఏప్రిల్‌లో అటారీ గేటు మూసేశారు. మే నెలలో పాకిస్తాన్ నుంచి వచ్చే ఉత్తరాలనూ ఆపేశారు. చంపినవాళ్లు ఎవరో, శిక్ష పడింది ఏ ముసలమ్మలకో!

తెలంగాణలో స్నేహాన్ని సోపతి అంటాం. సొహబత్ అన్న అరబ్బీ మాట ఉర్దూ మీదుగా మన పల్లెల్లోకి వచ్చి సోపతి అయింది. సొహబత్ అంటే పరిచయం కాదు, ఒకరి సన్నిధిలో ఒకరు కూర్చోవడం. ఉత్తరం, క్యాసెట్టు, ఫోను మనల్ని గుమ్మం దాకా తెస్తాయి. కూర్చోవడం మాత్రం మనుషులే చెయ్యాలి.

కాబట్టి తెలుగు మిత్రులారా, మా కవితలకు మీరు పెట్టే మెచ్చుకోళ్లు మాకు అందుతున్నాయి, సంతోషం. మా వీధి మీకు దూరం కాదు. దస్తర్‌ఖాన్ పరిచే ఉంది. మీ ఇంటి గుమ్మం కూడా మాకు చూపించండి. అద్దెకు ఇల్లు అడిగినప్పుడు పేరు విని తలుపు వేసేవాళ్లను మేము చాలామందిని చూశాం. పేరు విని తలుపు తీసేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నాం.