ముఖాముఖిగా

కాగితం, సిరా చాలక ముఖాముఖిగా మాట్లాడాలని ఆశించాడు యోహాను, తన రెండో పత్రికలో. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడ్డాక మన సంఘాలదీ అదే ఆశ. గల్ఫ్ నుంచి రాలేని కొడుకులు తండ్రి భూస్థాపనను ఫోన్ తెర మీదే చూశారు. ల్యాప్‌టాప్ కెమెరా సెన్సరు చాలా చిన్నది; వెలుతురు తగ్గితే ముఖం మసకబారుతుంది. పెళ్లిళ్లు ఆగిపోయి మంచి ఫొటో కెమెరాలేమో ఖాళీగా ఉన్నాయి! వాటిని కంప్యూటరుకు కలపాలంటే అప్పటిదాకా సాధారణంగా క్యాప్చర్ కార్డు కొనాలి. ఏప్రిల్ చివర కానన్, యూఎస్‌బీ తీగ ఒక్కటే చాలేలా ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. మేలో ఫ్యూజీఫిల్మ్, ఆగస్టులో నికాన్, సోనీ ఇచ్చాయి. ఆ తీగలో బొమ్మే వచ్చేది, మాట రాదు. ప్రార్థన వినిపించాలంటే మైకు వేరే పెట్టుకోవాల్సిందే.