బతుకుతెరువు పుట్టించిన నవ్వు: ఒక సింహావలోకనం

సోలాపూర్‌లో పూర్వ భాగ్ అని పిలిచే పేటలకు తెలుగు మాట వచ్చింది మగ్గంతోనే. పంతొమ్మిదో శతాబ్దంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలీలు పని వెతుక్కుంటూ ఇటు నడిచారు. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెలిశాక ఆ రాక ఇంకా పెరిగింది. వెంట తెచ్చుకున్న కొద్దిపాటి సామానుతోపాటు వాళ్ళు వినోదపు జ్ఞాపకాన్నీ తెచ్చుకున్నారు. సొంత ఊళ్ళలో కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవారు. సాధనాశూరులు ఇంద్రజాలం చూపేవారు. పద్మశాలీల ఇళ్ళనే నమ్ముకుని బతికిన కళాకారులు వీళ్ళు. పురాణం ఎంత గంభీరమైనదైనా నడుమ నడుమ జనాన్ని నవ్వించకపోతే రాత్రి గడవదని వాళ్ళకు తెలుసు. నేటికీ నారళీ పౌర్ణమి నాడు మార్కండేయుడి రథం కదిలితే అశోక్ చౌక్ పరిసరాలన్నీ వీధిలోనే ఉంటాయి. మన టీవీ హాస్యానికీ సినిమా హాస్యానికీ వంశవృక్షం రాయాలంటే వేరును ఆ పటం ముందే వెతకాలని నా నమ్మకం.

తెలుగు తెరకు మాట వచ్చిన చోటు కూడా మాకు దూరం కాదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలోనే తయారైంది. అందులో చండామార్కుల బడిలో మొద్దబ్బాయిగా కనిపించిన యువకుడు ఎల్.వి. ప్రసాద్. ఏలూరు దగ్గరి రైతు బిడ్డ. ఇంటిని అప్పులు చుట్టుముట్టాక బొంబాయి చేరి, స్టూడియోలో చిల్లర పనులు చేస్తూ నిలదొక్కుకున్నాడు. మా తాతల కథా ఇంతే: ఊరు విడవడం, పరాయి భాష నేర్వడం, దొరికిన పని పట్టుకోవడం. ఆ మనిషే రెండు దశాబ్దాల తర్వాత ‘పెళ్ళి చేసి చూడు’ (1952), ‘మిస్సమ్మ’ (1955), ‘అప్పుచేసి పప్పుకూడు’ (1959) తీశాడు. అప్పు రుచి తెలిసినవాడు తీసిన హాస్యమది. ‘మిస్సమ్మ’ను ఇప్పటికీ ప్రేమకథగానే తలుచుకుంటారు గానీ, దాని ఇరుసు నిరుద్యోగం. భార్యాభర్తలైతేనే అప్పాపురం బడిలో కొలువు ఇస్తారు కాబట్టి పెళ్ళికాని ఇద్దరు ఆ వేషం కడతారు. మేరీ మెడ మీద డేవిడ్‌కు తీర్చాల్సిన అప్పు ఉంది. జీతం రాళ్ళ కోసం ఆడిన అబద్ధం చుట్టూ అంత హాయిగా నవ్వించడం, ఎవరినీ చిన్నబుచ్చకుండా నవ్వించడం, మన సినిమా సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. రేలంగి, రమణారెడ్డి ఆ కాలపు హాస్యానికి రెండు కళ్ళు. వాళ్ళను కథ నుంచి విడదీసి చూడలేం. వాళ్ళు లేకపోతే కథే ఆగిపోతుంది.

ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా హాస్యం కథలోంచి జరిగి పక్క గదిలోకి వెళ్ళింది. రాజబాబు, పద్మనాభం, అల్లు రామలింగయ్య వంటి మహానటులున్నా, నాయకుడి కథ ఒకవైపు, హాస్యం ఒకవైపు నడిచాయి. మళ్ళీ హాస్యాన్నే కథానాయకుణ్ణి చేసిన ఘనత జంధ్యాలది. ‘నాలుగు స్తంభాలాట’ (1982)తో ‘సుత్తి’ హాస్య నటుల జంట ఇంటింటి మాట అయింది. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే కోట శ్రీనివాసరావు పిసినారితనం, అరగుండుగా బ్రహ్మానందం సహనం తెలిసిన తెలుగు ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. అదే రోజుల్లో వంశీ మరో దారి తొక్కాడు. ‘లేడీస్ టైలర్’ (1986) నాయకుడు గుడ్డ కుట్టే పనివాడు. చేతిలో పనితనం ఉంది, ఒంట్లో బద్ధకమూ ఉంది. బట్ట నేసే పేటలో అలాంటి మనిషిని గుర్తుపట్టడానికి ఎవరికీ పరిచయం అక్కర్లేదు. నన్నడిగితే వంశీ తీసినవాటిలో రావలసినంత పేరు రాని సినిమా ‘చెట్టుకింద ప్లీడరు’ (1989). కేసుల్లేని వకీలు బతుకును రాజేంద్రప్రసాద్ ఎంత తేలికగా మోశాడో, ఆ తేలికదనం వెనుక ఎంత ఆకలి కనబడుతుందో ఓపిగ్గా చూసినవారికే తెలుస్తుంది. సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ (1987) ఒక్క మాట లేకుండా నడిచింది. నిరుద్యోగి కథను ఏ భాషవాడికైనా అందించింది. తెలుగు, మరాఠీ, కన్నడం, దక్కనీ ఒకే వీధిలో వినిపించే మా ఊరికి అంతకన్నా తగిన సినిమా లేదు.

ఈలోగా ఇంట్లోకి టీవీ వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా, రాష్ట్రం మారిన మాకు మొదట దొరికినవి హిందీ, మరాఠీ నవ్వులే. 1984లో ‘యే జో హై జిందగీ’, దశాబ్దం చివర జస్పాల్ భట్టీ ‘ఫ్లాప్ షో’ దేశమంతటిలాగే మమ్మల్నీ కట్టిపడేశాయి. మరాఠీలో 1988 నాటి ‘అశీ హీ బన్వాబన్వీ’ని మా పిల్లలు డైలాగులతో సహా అప్పజెప్పేవారు. అద్దె ఇల్లు దొరకక ఇద్దరు మగవాళ్ళు ఆడవేషం కట్టే కథ అది. జీతం కోసం ‘మిస్సమ్మ’ దొంగ కాపురం, అద్దె కోసం ఈ దొంగ కాపురం. భాషలు వేరైనా నవ్వు పుట్టిన గడప ఒక్కటే. రెండు భాషల మధ్య పెరిగినవాళ్ళకు ఈ చుట్టరికం చప్పున తడుతుంది. మా పేటలకు వలస ఇచ్చిన వరాల్లో దీన్ని నేను చాలా పెద్దదిగా లెక్కిస్తాను.

1995లో జెమిని, ఈటీవీ ఆకాశం నుంచి దిగాయి. మహారాష్ట్రలో ఉన్న తెలుగు ఇల్లు ఆనాడు మళ్ళీ తెలుగు లోకంలో కలిసింది. అంతకన్నా పెద్ద మలుపు నాకు కనిపించదు. ఆ ఆకాశమార్గంలో వచ్చిన అత్యుత్తమ హాస్యం ‘అమృతం’. గుణ్ణం గంగరాజు సంకల్పంతో 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా 313 భాగాలు నడిచింది. అమృతం పాత్రలో శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ మారుతూ వచ్చారు. అంజిగా గుండు హనుమంతరావు నిలిచారు. నటుడు మారినా పాత్ర చెదరలేదంటే కారణం రాతలోని బలమే. ఇద్దరు మామూలు మనుషులు, ఒక చిన్న హోటల్, వారం వారం డబ్బు చేసుకోవాలనే కొత్త ఆలోచన, దాని పతనం. బూతు లేదు, ఒకరి ఒంటి తీరు మీద వెక్కిరింత లేదు. ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి చూడగలిగింది అందుకే. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ది ఇంకో తోవ. ఆడవాళ్ళ మీదా, ఒంటి రంగు మీదా, ఆడవేషాల మీదా అది విసిరిన మాటలు చాలాసార్లు నన్ను బాధపెట్టాయి. అయినా చరిత్ర రాసేటప్పుడు ఒక మేలు ఒప్పుకోవాలి. సినిమా కుటుంబాల నీడ లేని పేదింటి పిల్లలకు అది వేదిక ఇచ్చింది. తెలంగాణ యాస అంతవరకు తెర మీద ఎక్కువగా దుష్టుడి నోటనో, వెక్కిరింతకు గురయ్యే సేవకుడి నోటనో వినిపించేది. అది మన ఇంటి యాస. దాన్ని విని పక్కవాళ్ళు నవ్వుతుంటే మా పెద్దలు మౌనంగా ఉండిపోయేవారు. ‘పెళ్ళిచూపులు’ (2016), ‘జాతిరత్నాలు’ (2021) వచ్చాక ఆ యాసే నవ్వించే పక్షంలోకి వచ్చి నిలబడింది.

సొంత యాసను నవ్వించే పక్షాన నిలబెట్టే ఇదే దారిని భూగోళం అవతల ఆస్ట్రేలియా కూడా నడిచింది. అక్కడి టీవీ హాస్య బృందం నుంచి వచ్చిన రాబ్ సిచ్, వార్తా చానళ్ళ తీరును ఎండగట్టిన ‘ఫ్రంట్‌లైన్’ తర్వాత 1997లో ‘ది కాజిల్’ తీశాడు. పదకొండు రోజుల్లో చిత్రీకరణ ముగించిన చిన్న సినిమా అది. విమానాశ్రయం కోసం ఇల్లు ఖాళీ చేయమంటే, లారీతో వాహనాలు లాగే ఒక ఇంటిపెద్ద ఒప్పుకోక కోర్టుకెక్కుతాడు. వాళ్ళ యాస, వాళ్ళ చవక వస్తువుల మోజు మనకు నవ్వు తెప్పిస్తాయి, కానీ దర్శకుడు ఒక్క క్షణమైనా వాళ్ళను తక్కువ చేయడు. సొంత దేశంలో దానికి గొప్ప పేరుంది. మన ప్రేక్షకులకు మాత్రం ఆస్ట్రేలియా అంటే ఇంకా ‘క్రోకడైల్ డండీ’యే. 2006 నాటి ‘కెన్నీ’ ఇంకా తక్కువ మందికి తెలుసు. సభలకూ సంబరాలకూ తాత్కాలిక మరుగుదొడ్లు అమర్చే పనివాడి కథ. పని మీద గౌరవం, పనివాడి మాటలో చమత్కారం కలిసి ఉన్న సినిమాలు ప్రపంచంలోనే అరుదు. ఈ రెండూ మరమగ్గాల పక్కన పెరిగినవాళ్ళకు పరాయివి అనిపించవు.

‘జబర్దస్త్’ నుంచి వచ్చిన సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023లో ‘బలగం’ తీసినప్పుడు నాకు వెంటనే రాబ్ సిచ్ గుర్తొచ్చాడు. టీవీలో నవ్వించిన మనిషి, తన నేల యాసతో, చావింటి గొడవలో కూడా నవ్వును పట్టుకున్నాడు. ‘బలగం’కు దక్కవలసిన ఆదరణ దక్కింది. దక్కనిది ‘మల్లేశం’ (2019). నేతకు ముందు చేత్తో నూలును ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టిన నిజ కథ అది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రియదర్శి అంతకుముందు నవ్వించే స్నేహితుడిగా పేరు తెచ్చుకున్న నటుడు. ఆ నవ్వును వదలకుండానే ఈ పాత్రలో పట్టుదలను చూపాడు. ఊళ్ళోవాళ్ళు యంత్రం ఆగినప్పుడల్లా ఎగతాళి చేస్తుంటే, ఆ ఎగతాళిలోని చనువునూ క్రూరత్వాన్నీ రాజ్ ఆర్ దర్శకత్వం విడివిడిగా చూపింది. మన వృత్తి గురించి మన యాసలో వచ్చిన ఇంత మంచి సినిమాను అశోక్ చౌక్‌లో, సాఖర్ పేటలో, దాజీ పేటలో పిల్లలు ఇంకా చూడకపోతే, మార్కండేయ రథోత్సవపు రోజుల్లో ఏదో ఒక మందిరపు ఆవరణలో తెర కట్టి చూపించాలి. ముందు ‘మల్లేశం’, మరునాడు ‘మిస్సమ్మ’; వీలైతే మూడోనాడు ‘ది కాజిల్’, పక్కన నిలబడి తెలుగులో అర్థం చెప్పే ఒక మనిషితో.