పాత ఇంటికి కొత్త చుట్టాలు

1786 ఏప్రిల్‌లో ఇద్దరు అమెరికన్లు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్ళారు. ఒకరు జాన్ ఆడమ్స్, లండన్‌లో అమెరికా మొదటి రాయబారి. రెండోవారు థామస్ జెఫర్సన్, పారిస్‌లో రాయబారిగా ఉంటూ పనిమీద లండన్ వచ్చినవాడు. తర్వాత రోజుల్లో ఇద్దరూ అధ్యక్షులయ్యారు. షేక్‌స్పియర్ పుట్టిన ఇంట్లో ఒక పాత చెక్క కుర్చీ చూపించి, ఆయన కూర్చున్నది ఇందులోనే అన్నారట. వచ్చినవాళ్ళంతా చేసే పనే వీళ్ళూ చేశారు. కుర్చీలోంచి ఒక చిన్న పేడు కోసి తెచ్చుకున్నారు. ఆడమ్స్ ఈ సంగతి దాచకుండా తన డైరీలో రాసుకున్నాడు. అప్పటికి ఇంగ్లండ్ రాజుతో యుద్ధం ముగిసి ఒప్పందం మీద సంతకాలు పెట్టి నిండా మూడేళ్ళు కాలేదు.

ఆ తిరుగుడులో జెఫర్సన్ చేతిలో థామస్ వేట్లీ ఉద్యానవనాల మీద రాసిన పుస్తకం ఉంది. తోటతోటకీ వెళ్ళి, పుస్తకంలో ఉన్నదాన్నీ కళ్ళెదుట ఉన్నదాన్నీ పోల్చి చూసుకున్నాడు. ఇలాంటిది మన ఊళ్ళో వేస్తే ఖర్చెంతవుతుందని వాకబు చేశాడు. ఆడమ్స్‌ది ఇంకో ధోరణి. ఇంగ్లీషువాళ్ళ అంతర్యుద్ధంలో చివరి పెద్ద పోరు జరిగిన వూస్టర్‌లో, మీరుంటున్నది స్వేచ్ఛ కోసం పోరాడిన నేల, ఆ ధ్యాసే మీకు లేదే అని ఊరివాళ్ళకి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు.

ఇంగ్లండ్ చూడబోయే అమెరికన్ లక్షణాలన్నీ ఈ ఇద్దరిలో అప్పుడే ఉన్నాయనిపిస్తుంది నాకు. చేతిలో పుస్తకం ఉంటుంది. అక్కడివాళ్ళకంటే మనకే ఎక్కువ తెలుసన్న నమ్మకం ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒక ముక్క వెంట తెచ్చుకోవాలని ఉంటుంది.

ఇవన్నీ ఇప్పుడెందుకు చదువుతున్నానంటే, నేనూ ఇంగ్లండ్‌కి మొదటి ప్రయాణం ఆలోచిస్తున్నాను. అదీ అమెరికన్ పాస్‌పోర్ట్ మీద. ఇండియా వెళ్ళే దారిలో హీత్రూలో విమానం మారడాన్ని నేను ప్రయాణం కింద లెక్కవేయను. తెలిసినవాళ్ళు ఇచ్చిన జాబితాలన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి: వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ, టవర్, స్ట్రాట్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, వీలైతే వర్డ్స్‌వర్త్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్. ఈ జాబితా ఎవరు తయారుచేశారా అని వెనక్కి వెళితే, దాని వయసు రెండు వందల ఏళ్ళు దాటిందని తేలింది.

అందులో పెద్ద వాటా వాషింగ్టన్ ఇర్వింగ్‌ది. 1815లో ఆయన లివర్‌పూల్ వచ్చింది కుటుంబ వ్యాపారం పనిమీద. 1818లో ఆ వ్యాపారం దివాలా తీసింది. కలం పట్టుకుని బతకాల్సి వచ్చింది. అలా 1819-20లో విడతలుగా వచ్చిందే 'స్కెచ్ బుక్'. మనకి అందులోంచి రిప్ వాన్ వింకిల్ కథ ఒక్కటే గుర్తుంటుంది. నిజానికి ఆ పుస్తకంలో ఎక్కువ భాగం ఇంగ్లండ్ గురించే: ఆబీలో సమాధులు, స్ట్రాట్‌ఫర్డ్, పల్లెల్లో క్రిస్మస్. కొండలకీ నదులకీ అమెరికాలో కొదవ లేదు, లేనిదల్లా పాతదనం, దానికోసమే ఇక్కడికి రావాలి అన్నది ఆయన వాదన. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆయన దిగిన రెడ్ హార్స్ సత్రంవాళ్ళు, ఆయన నిప్పు ఎగదోసుకున్న ఇనుప చువ్వని భద్రంగా దాచి, తర్వాత వచ్చిన అమెరికన్లకి చూపించేవారు. షేక్‌స్పియర్‌ని చూడబోయిన మనిషే ఒక చూడదగ్గ వస్తువైపోయాడన్నమాట.

ఎమర్సన్ 1833లో వెళ్ళినప్పుడు సమాధుల కోసం కాకుండా మనుషుల కోసం వెళ్ళాడు. కోల్‌రిడ్జ్, వర్డ్స్‌వర్త్, కార్లైల్, ముగ్గురినీ వెతుక్కుంటూ వెళ్ళి కలిశాడు. అయినా అదీ పుస్తకాల జాబితాయే. రచయితలు ఇంకా బతికి ఉన్నారు, అంతే తేడా.

1838 నుంచి ఆవిరి ఓడలు క్రమం తప్పకుండా అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక, ఒక్కోసారి నెల దాకా పట్టే ప్రయాణం రెండు వారాలకి వచ్చింది. దిగేది ఎక్కువగా లివర్‌పూల్‌లో. 1853 నుంచి 1857 దాకా ఆ రేవులో అమెరికా కాన్సల్ నతానియెల్ హాథార్న్. ఆ అనుభవాల మీద 1863లో ఆయన వేసిన పుస్తకం పేరు 'అవర్ ఓల్డ్ హోమ్', అంటే మన పాత ఇల్లు. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది కోటలూ చర్చిలూ కాదు, ఆయన ఆఫీసుకి వచ్చిపోయిన మనుషులు. ఫలానా ఎస్టేటు మా ముత్తాతలది, మాకు రావాలి అని కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. తన పిల్లల ఫొటోలు విక్టోరియా రాణికి పంపి, ఆమె కార్యదర్శి నుంచి మర్యాదగా ఒక జవాబు వస్తే, దాన్ని పట్టుకుని రాణిగారిని చూడ్డానికి బయల్దేరి వచ్చిన కొట్టు యజమాని. వీళ్ళందరికీ ఇంగ్లండ్ అంటే తమకి రావలసిన ఆస్తి. ఇంకో ముసలాయన ఉన్నాడు. ఫిలడెల్ఫియాలో ప్రింటర్‌నంటాడు. 27 ఏళ్ళుగా ఇంగ్లండ్‌లో దిక్కులేక తిరుగుతున్నాడు. ఆయనకి కావలసింది పాత ఇల్లు కాదు. మా ఊరు పంపించండి బాబూ అన్నదొక్కటే ఆయన పాట.

కాన్సల్ ఆఫీసు ఉన్న భవనం గోరీ ఆర్కేడ్ పక్కనే. గోరీ అన్నది సెనెగల్ తీరంలో బానిసల వ్యాపారం సాగిన దీవి పేరు. ఆ వ్యాపారంతో బలిసిన రేవు లివర్‌పూల్. పాత ఇల్లంటే ఏమిటో చెప్పుకునేటప్పుడు ఆ పేరునీ లెక్కలోకి తీసుకోవాలి.

ఎందుకంటే హాథార్న్ కంటే ఎనిమిదేళ్ళ ముందు, 1845 ఆగస్టులో, అదే రేవులో ఇంకో అమెరికన్ మొదటిసారి దిగాడు. ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1838లో పారిపోయినవాడు. యజమాని పేరుతో సహా తన కథ అచ్చువేసిన కొద్ది నెలలకే, పట్టుకుపోతారన్న భయంతో ఓడెక్కాడు. కేంబ్రియా ఓడలో ఆయనకి కేబిన్ ఇవ్వలేదు. ప్రయాణం చివర్లో బానిసత్వం గురించి మాట్లాడబోతే, తోటి ప్రయాణికుల్లో కొందరు సముద్రంలోకి విసిరేస్తామన్నారు. గొలుసులు వేయిస్తానని కెప్టెన్ బెదిరిస్తేగానీ వాళ్ళు ఊరుకోలేదు.

లివర్‌పూల్‌లో దిగిన కొద్దిరోజులకే డగ్లస్ కూడా చూడదగ్గ స్థలానికే వెళ్ళాడు. చెస్టర్ దగ్గర ఈటన్ హాల్ అనే ప్రభువుగారి భవనం. గుమ్మం ముందు వరసలో నిలబడితే, ఆ వరసలోనే ఓడలో తనతో వచ్చిన అమెరికన్లు కనిపించారు. తలుపు తీశాక అందరితోపాటే ఆయన్నీ లోపలికి పంపారు. చూపించేవాడు అందరికీ ఎంత మర్యాద చేశాడో ఆయనకీ అంతే చేశాడు. ఆ గోడల మీది చిత్రాలేమిటో ఆయన పెద్దగా రాయలేదు. తలుపు దగ్గర జరిగింది మాత్రం మర్చిపోకుండా తన పుస్తకంలో చెప్పాడు. ఇర్వింగ్ ఇంగ్లండ్ వెళ్ళింది గతం కోసం. డగ్లస్‌కి అక్కడ దొరికింది వర్తమానం.

1846 చివర్లో న్యూకాసిల్‌లోని రిచర్డ్‌సన్ కుటుంబం స్త్రీలు పూనుకుని చందాలు పోగుచేసి, 150 పౌండ్లు కట్టి ఆయన్ని చట్టప్రకారం విడిపించారు. అలాగని ఇంగ్లండ్‌ని దేవాలయం చేయనక్కర్లేదు. లివర్‌పూల్ రేవులో దిగే పత్తిలో చాలా భాగం అమెరికా దక్షిణాదిలో బానిసలు ఏరినదే. ఆ పత్తితో లాంకషైర్ మిల్లులు నేసిన గుడ్డే మన మగ్గాలని దెబ్బకొట్టింది. మంచీ చెడూ ఒకే రేవులో దిగాయి.

1851లో క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శన చూడ్డానికి వచ్చిన అమెరికన్లలో ఎలెన్, విలియం క్రాఫ్ట్ దంపతులున్నారు. 1848లో జార్జియా నుంచి తప్పించుకున్నవాళ్ళు. ఎలెన్ జబ్బుపడ్డ తెల్లదొరలా మగవేషం వేస్తే, భర్త ఆమె నౌకరులా వెంట నడిచాడు. ఆ ప్రదర్శనలో అమెరికా విభాగంలో పేరుమోసిన వస్తువు హైరం పవర్స్ చెక్కిన 'గ్రీక్ స్లేవ్' పాలరాతి శిల్పం. వీళ్ళ స్నేహితుడు విలియం వెల్స్ బ్రౌన్, ఆయనా బానిసత్వం తప్పించుకున్నవాడే, 'పంచ్' పత్రికలో వచ్చిన వర్జీనియా నల్లబానిస బొమ్మని ఆ శిల్పం పక్కన పెట్టి వచ్చాడు.

డగ్లస్ కథలో ఇంకో ఘట్టం ఉంది. 1859లో మళ్ళీ ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఫ్రాన్స్ చూసొద్దామనుకున్నాడు. పాస్‌పోర్ట్ ఇమ్మని లండన్‌లో అమెరికా రాయబారి జార్జ్ డాలస్‌ని అడిగితే, నువ్వు అమెరికా పౌరుడివి కావు పొమ్మన్నాడు. 1857లో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో చెప్పిందీ అదే. ఫ్రెంచివాళ్ళని అడిగితే మాత్రం అనుమతి ఇచ్చారు.

నా డ్రాయర్లో ఉన్న నీలం రంగు పుస్తకానికి ఈ చరిత్ర ఉంది. అంతేకాదు, నాబోటివాళ్ళకి నేరుగా తగిలేది ఇంకొంచెం ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరులు కాలేరని అదే కోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళ దగ్గర కూడా వెనక్కి తీసుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వైష్ణో దాస్ బగాయ్ అలా పోగొట్టుకున్నవాడు. బ్రిటిష్ పాలన కింద ఉండలేక అమెరికా వచ్చిన మనిషి. ఒకసారి ఇండియా వెళ్ళొస్తానంటే అమెరికన్ పాస్‌పోర్ట్ ఇవ్వలేదు, కావాలంటే బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకోమన్నారు. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. భారతీయులకి పౌరసత్వం దారి తెరుచుకుంది 1946లో.

ఇప్పుడు నాకేం కావాలి? 2025 జనవరి 8 నుంచి అమెరికన్లకి ఈటీఏ అని ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. మొదట 10 పౌండ్లు ఉండేది, 2025 ఏప్రిల్‌లో 16 పౌండ్లు చేశారు. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో, మొహం ఫొటో పెడితే చాలు. ఆర్నెల్ల దాకా ఉండొచ్చు. అది నింపేటప్పుడు విసుక్కోవాలనిపించదు నాకు.

ఇంగ్లండ్ నాకు పాత ఇల్లేమీ కాదు. అలాగని పరాయిదీ కాదు. డాఫొడిల్ పువ్వు ఎలా ఉంటుందో తెలియకుండానే, మార్కుల కోసం దాని మీద పద్యం బట్టీపట్టిన చదువు మాది. ఇర్వింగ్ జాబితాలో కొంత నాదీ ఉంది. కాదంటే అబద్ధమవుతుంది. పైగా నా జాబితాలో ఇర్వింగ్‌కి తెలియనివి రెండున్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది: 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి మద్రాసు పంపిన శిల్పాలు 1859లో లండన్ చేరి, 1880లో ఆ మ్యూజియానికి వచ్చాయి. కుర్చీ పేడు జేబులో పడుతుంది. స్తూపానికి ఓడ కావాలి. రెండోది కెన్సల్ గ్రీన్ శ్మశానం: మన నిఘంటువు కూర్చిన సి. పి. బ్రౌన్ 1884లో లండన్‌లో పోతే అక్కడే పాతిపెట్టారు. ఒకచోట మననుంచి పోయినవి, ఇంకోచోట మనకోసం పనిచేసిన మనిషి. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. ఒకటి చూసి ఇంకోటి మానేయడం కుదరదు.

అందుకని దారి కాస్త మార్చాను. లండన్‌లో దిగడం లేదు. మాంచెస్టర్‌లో దిగి, ముందు లివర్‌పూల్ వెళ్తాను. గోరీ అన్న పేరు అక్కడ ఒక రోడ్డుకి ఇప్పటికీ ఉంది, అక్కడి నుంచి రేవుదాకా నడుస్తాను. తర్వాత రైల్లో లండన్, మ్యూజియానికి ఒక పూట, కెన్సల్ గ్రీన్‌కి ఒక పూట. స్ట్రాట్‌ఫర్డ్‌కి కూడా ఒక రోజు ఉంచాను.