ముచ్చుమర్రి చిన్నారి కేసు: అసలేం జరిగింది? మృతదేహం దొరక్కపోతే కేసు నిలబడుతుందా?

నంద్యాల: ముచ్చుమర్రి పేరు వింటే చాలు.. జిల్లాలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ఆ పాప దొరికిందా? 2024 జులైలో కనిపించకుండా పోయిన ఆ చిన్నారి కోసం కాలువల్లో, కృష్ణా బ్యాక్‌వాటర్‌లో వారాల తరబడి గాలించారు. మృతదేహం దొరకలేదు. జిల్లాకి ఒక చివర కృష్ణ ఒడ్డున ముచ్చుమర్రి ఉంటే, ఇంకో చివర ఆళ్లగడ్డ ఉంది. అయినా ఆళ్లగడ్డ టీ అంగళ్ల దగ్గర కూడా ఈ మాట వచ్చిందంటే తలా ఒక థియరీ చెబుతారు. ఫోన్‌లో ఏదో ఒక పాత క్లిప్ తీసి చూపిస్తారు.

ఆ క్లిప్పుల్లో ఎక్కువ భాగం కేసు మొదటి పది రోజులవే. ఆ తర్వాత ఏం జరగాలి, చట్టం ఏం చెబుతుంది అనేది వాటిలో ఉండదు. అందుకే ఈ కథనం.

అసలేం జరిగిందంటే..

2024 జులై 7, ఆదివారం. నంద్యాల జిల్లా పగిడ్యాల మండలం ముచ్చుమర్రిలో పార్కు దగ్గర ఆడుకుంటున్న బాలిక ఇంటికి తిరిగి రాలేదు. పదేళ్లు కూడా నిండని పాప. తల్లిదండ్రులు వెతికారు, పోలీసులకు ఫిర్యాదు చేశారు. జాగిలాలను రప్పించారు. అప్పటి వార్తల ప్రకారం జాగిలం పోలీసులను ముగ్గురు బాలుర దగ్గరకు తీసుకెళ్లింది. ముగ్గురూ మైనర్లే. అత్యాచారం చేసి, చంపేసి, ఎత్తిపోతల పథకం దగ్గర కాలువలో పడేశామని వాళ్లు చెప్పినట్టు పోలీసులు తెలిపారు.

కాలువలో వెతికితే దొరకలేదు. ఎన్డీఆర్ఎఫ్ బృందాలు దిగాయి, గజ ఈతగాళ్లు దిగారు. తర్వాత కథ మారింది. మృతదేహాన్ని మాయం చేయడంలో బాలుర కుటుంబాల్లోని పెద్దల హస్తం కూడా ఉందని, కృష్ణా నీళ్లలో పడేశారని పోలీసులు ప్రకటించారు. అక్కడా గాలించారు. ఫలితం లేదు.

ఈలోగా నిర్లక్ష్యం ఆరోపణలతో ఒక సీఐని, ఒక ఎస్సైని సస్పెండ్ చేశారు. బాధిత కుటుంబానికి 10 లక్షల రూపాయల సాయం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అదే నెలలో, ఈ కేసులో పోలీసులు అదుపులోకి తీసుకున్న ఒక వ్యక్తి చనిపోయాడు. అది లాకప్ డెత్ అని ఆరోపణలు వచ్చాయి, పోలీసులు కాదన్నారు. ఒక పాప కేసు కాస్తా రెండు మరణాల కేసు అయ్యింది. రాజకీయ పార్టీలు కూడా దిగాయి. అక్కడి నుంచి జనానికి ఏది నిజమో, ఏది ఆరోపణో విడదీయడం కష్టమైపోయింది.

ఇంత ఆసక్తి ఎందుకు?

హత్య వార్తలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఫ్యాక్షన్ కాలంలో ఎవరు ఎవర్ని, ఎందుకు చంపారో కోర్టు తేల్చకముందే ఊరికి తెలిసేది. పేరు ఉండేది, పగ ఉండేది, పాత లెక్క ఉండేది. ముచ్చుమర్రిలో అలాంటిదేమీ లేదు. చనిపోయింది పాప, ఆరోపణలు ఎదుర్కొంటున్నది పిల్లలు. అలవాటైన లెక్కలో ఇమడకపోవడంతో జనం దీన్ని వదలలేకపోతున్నారు. పైగా మృతదేహం లేదు. కథకి చివరి పేజీ చిరిగిపోయినట్టు ఉంటే ఎవరికి తోచిన ముగింపు వాళ్లు రాసుకుంటారు.

ఇది ఒక్క మన దగ్గరే కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో 1996 డిసెంబర్ 26న జాన్‌బెనె రామ్సే అనే ఆరేళ్ల పాప సొంత ఇంట్లోనే శవమై కనిపించింది. ఇంట్లో 1,18,000 డాలర్లు అడుగుతూ ఒక లేఖ దొరికింది. ఏళ్ల తరబడి తల్లిదండ్రులనే అనుమానించారు. డీఎన్ఏ ఆధారంగా ఆ కుటుంబానికి సంబంధం లేదని జిల్లా అటార్నీ 2008లో లేఖ ఇచ్చేసరికి, తల్లి చనిపోయి రెండేళ్లయింది. హంతకుడు ఎవరో తేలలేదు. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో దానిమీద మళ్లీ ఒక సిరీస్ వచ్చింది.

మన దేశంలో 2008లో నోయిడాలో డాక్టర్ దంపతుల ఇంట్లో పద్నాలుగేళ్లు కూడా నిండని కూతురి హత్య కూడా ఇలాంటిదే. 2013లో తల్లిదండ్రులకి జీవిత ఖైదు పడింది. 2017 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు ఇద్దర్నీ నిర్దోషులుగా వదిలేసింది. మరి చంపిందెవరు? సమాధానం లేదు. (ఆ అమ్మాయి పేరు మీకు తెలుసు, మాకూ తెలుసు. రాయడం లేదు. ఎందుకో కింద చెబుతాం.)

'ఒప్పుకున్నారు కదా, ఇంకేంటి?'

ముచ్చుమర్రి మీద వచ్చిన థంబ్‌నెయిల్స్‌లో ఎక్కువగా కనిపించిన మాట ఇది. టీవీలో 'నేరం ఒప్పుకున్నారు' అని స్క్రోలింగ్ రాగానే చూసేవాళ్లకి కేసు అయిపోయినట్టే. కోర్టులో మాత్రం అక్కడే మొదలవుతుంది.

పోలీసుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో ఈ రూల్ ఉంది, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23 కూడా అదే చెబుతోంది. ఈ ఘటన జరిగేసరికి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చి వారం తిరగలేదు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన మాట పట్టుకుని వెళ్తే ఏదైనా వస్తువో, శవమో, ఆయుధమో దొరికితే.. ఆ దొరికిన దానికి సంబంధించిన ముక్క వరకే కోర్టు తీసుకుంటుంది.

ఇప్పుడు ముచ్చుమర్రికి రండి. ఫలానా చోట పడేశాం అన్నారు, వెళ్లి చూస్తే దొరకలేదు. అంటే మృతదేహం విషయంలో ఆ మినహాయింపుకి కావాల్సిన 'దొరికింది' అనేదే లేదు. అన్ని రోజులు, అన్ని బృందాలు ఆ నీళ్లలో వెతికింది కుటుంబానికి ఆఖరి చూపు కోసం మాత్రమే కాదు. కేసుకి కూడా అదే ప్రాణం.

జాగిలం సంగతీ అంతే. జాగిలం దర్యాప్తుకి దారి చూపిస్తుందే తప్ప, దాన్నిబట్టి శిక్ష వేయలేమని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. 2001లో ఆంధ్రప్రదేశ్‌ నుంచే వెళ్లిన ఒక హత్య కేసులోనూ జాగిలం ఆధారంపై సుప్రీంకోర్టు గట్టిగానే సందేహాలు లేవనెత్తింది.

మరి శవం లేకపోతే కేసు కొట్టేస్తారా? లేదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మృతదేహం దొరకడం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 1981లోనే రామానంద్ వర్సెస్ హిమాచల్ ప్రదేశ్ కేసులో చెప్పింది. శవాన్ని మాయం చేసినవాడికి అదే రక్షణ కాకూడదన్నది అందులోని లాజిక్. కాకపోతే చనిపోయారు అనడానికి, చంపారు అనడానికి మిగతా సాక్ష్యాలు గట్టిగా ఉండాలి. చివరిసారి ఎవరితో కనిపించింది, ఆ సమయంలో ఎవరు ఎక్కడున్నారు, బట్టల మీద, వాహనం మీద ఏం దొరికింది.. ఇవన్నీ గొలుసులా అతకాలి. ఒక్క లింకు తెగినా అనుమానం లాభం నిందితులకే పోతుంది.

ఒప్పుకోలు మీద ఆధారపడితే ఏమవుతుందో నిఠారీ చెబుతుంది. 2006 డిసెంబర్‌లో నోయిడాలో ఇంటి పక్క కాలువలో పిల్లల ఎముకలు బయటపడ్డాయి. దేశమంతా టీవీలకి అతుక్కుపోయింది. ఉరిశిక్షలు పడ్డాయి. 2023 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు 12 కేసుల్లో ప్రధాన నిందితుడిని నిర్దోషిగా ప్రకటించింది. మిగిలిన ఆఖరి కేసులోనూ 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు వదిలేసింది. అంతమంది పిల్లలు పోయారు, శిక్ష పడినవాళ్లు ఎవరూ లేరు.

ఒకే ఘటన.. రెండు దారులు

మైనర్ల విషయం వస్తే కోపం కట్టలు తెంచుకుంటుంది. 'ఉరి తీయాలి' అన్న మాట ఎన్ని వీడియోల్లో విన్నామో. చట్టం మాత్రం వేరే. జువెనైల్ జస్టిస్ యాక్ట్ 2015 ప్రకారం 16 ఏళ్లలోపు వాళ్లు ఎంత పెద్ద నేరం చేసినా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందే విచారణ. గరిష్టంగా మూడేళ్లు స్పెషల్ హోమ్. 16 దాటి 18 నిండని వాళ్లపై ఘోరమైన నేరారోపణ ఉంటేనే పెద్దవాళ్లలా విచారించవచ్చా అని బోర్డు పరిశీలిస్తుంది. అప్పుడు కూడా ఉరిశిక్ష ఉండదు.

అయితే ఆధారాలు మాయం చేశారనే ఆరోపణ ఉన్న పెద్దలకి ఇది వర్తించదు. వాళ్ల కేసు మామూలు కోర్టులోనే నడుస్తుంది. హత్యని కప్పిపుచ్చడానికి సాక్ష్యాలు మాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద ఏడేళ్ల వరకు జైలు. కాబట్టి 'మూడేళ్లతో అందరూ బయటికి వచ్చేస్తారు' అన్న ప్రచారం సగమే నిజం.

కస్టడీ మరణం మరో దారి. పోలీసుల అదుపులో ఎవరు చనిపోయినా 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలపాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. చనిపోయిన వ్యక్తి ఎవరి బంధువైనా సరే. పాప మీద జాలితో 'మంచి పనైంది' అని రాసేవాళ్లు ఒకటి ఆలోచించాలి. విచారణలో ఉన్న మనిషి పోతే, అతను చెప్పగలిగింది ఏదైనా ఉంటే అదీ అతనితోనే పోయింది.

పేరు, ఫొటో షేర్ చేస్తే?

మొదటి రెండు రోజులు, పాప తప్పిపోయిందని అనుకున్నప్పుడు, ఫొటో వాట్సాప్‌లో తిరగడంలో తప్పు లేదు. అది వెతకడానికి. లైంగిక దాడి అని తేలిన క్షణం నుంచి అదే ఫొటో షేర్ చేయడం నేరం. పోక్సో సెక్షన్ 23 మీడియాకి, జువెనైల్ జస్టిస్ యాక్ట్ సెక్షన్ 74 బాధిత పిల్లలకీ ఆరోపణలున్న పిల్లలకీ ఇద్దరికీ వర్తిస్తుంది. పేరు, ఇంటి అడ్రస్, స్కూలు ఏదీ బయటపెట్టకూడదు. జువెనైల్ జస్టిస్ యాక్ట్ కింద అయితే ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ పోదని 2018 డిసెంబర్‌లో నిపున్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైన నోయిడా అమ్మాయి పేరు రాయకపోవడానికి కారణం ఈ పద్ధతే.

నిజం చెప్పాలంటే ఈ రూల్ ఎంతమంది పాటిస్తున్నారో పాత వీడియోలు వెతికితే తెలిసిపోతుంది.

ఊహాగానాల సంగతీ చూద్దాం. 2025 ఆగస్టులో హైదరాబాద్ కూకట్‌పల్లిలో పదేళ్ల బాలిక ఇంట్లో హత్యకు గురైంది. నాలుగు రోజుల పాటు ఎవరెవరి మీదో అనుమానాలు నడిచాయి. చివరికి పోలీసులు అదుపులోకి తీసుకుంది పొరుగున ఉండే ఒక బాలుడిని. ఆ నాలుగు రోజులు వేలెత్తి చూపించుకున్న వాళ్లకి ఎవరూ వెళ్లి సారీ చెప్పరు.

మొదటి గంటలు

పిల్లలు కనిపించకపోతే 24 గంటలు ఆగాలనే రూల్ ఏ చట్టంలోనూ లేదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని, ముందు కిడ్నాప్‌గానే భావించాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. 112కి గానీ, 1098కి గానీ ఫోన్ చేయొచ్చు. మీ స్టేషన్ పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లో అయినా కట్టాలి.

నీళ్ల దగ్గర ఉండే ఊళ్లలో ఈ గంటలు ఇంకా ముఖ్యం. ముచ్చుమర్రి ఎత్తిపోతల శ్రీశైలం రిజర్వాయర్ వెనుక జలాల నుంచి నీళ్లు తోడి హంద్రీనీవాకి, కేసీ కాలువకి ఇస్తుంది. కాలువ వేరు, నది వేరు. కాలువలో అయితే పారే దిశలో వెతకొచ్చు. బ్యాక్‌వాటర్‌లో అయితే అంతు ఉండదు. ఎండాకాలం సంగమేశ్వరం గుడి బయటపడి, వానాకాలం శిఖరంతో సహా మునిగిపోయేది ఈ నీళ్లలోనే. పైగా 2024 జులై చివరికల్లా ఎగువ నుంచి వరద వచ్చి శ్రీశైలం గేట్లు ఎత్తారు. బరువు కట్టి వేసిన మృతదేహం మామూలుగా తేలినట్టు రెండు మూడు రోజుల్లో పైకి తేలదు. ఒండ్రు కప్పేస్తే సోనార్‌కి కూడా దొరకడం కష్టం.

ఎముక ముక్క దొరికినా చాలు, తల్లిదండ్రుల డీఎన్ఏతో పోల్చి తేల్చవచ్చు. దానికి ఏళ్లు గడిచినా ఇబ్బంది లేదు.

దొరక్కపోతే ఆ కుటుంబానికి మిగిలేది కాగితాల సమస్య కూడా. శవం లేదు, పోస్టుమార్టం రిపోర్టు లేదు. మనిషి ఆచూకీ ఏడేళ్ల పాటు తెలియకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. కోర్టు అంతకుముందే హత్య జరిగిందని తీర్పు ఇస్తే అన్నాళ్లు ఆగనక్కర్లేదు. లేదంటే 2024 జులై 7 నుంచి లెక్క వేసుకుంటే ఆ తేదీ 2031 జులైలో వస్తుంది.