జంగ్ బిరుదు, సేన జీతం: దక్కనులో ఫ్రెంచి సేనానుల వారసత్వం, కంభం సీమ

ఫ్రాన్సులో మార్క్విస్ పదవి వంశపారంపర్యం. రాజశాసనంతో లభించిన ఆ గౌరవం తండ్రి నుంచి పెద్దకొడుకుకు సంక్రమిస్తుంది. హైదరాబాదు ఆసఫ్‌జాహీ దర్బారులో ఖాన్, జంగ్, దౌలా, ముల్క్ అనే వరుసలో లభించే బిరుదులకు ఆ స్వభావం లేదు. అవి వ్యక్తికి ఇచ్చినవి. కుమారుడికి కావాలంటే పాలకుడు మళ్లీ ప్రసాదించాలి. పద్దెనిమిదవ శతాబ్దంలో ఈ రెండు పద్ధతులనూ ఒకేసారి అనుభవించిన ఫ్రెంచివారు కొందరున్నారు. వారి బిరుదుల చరిత్రను పాండిచ్చేరి, హైదరాబాదుల నుంచి చూడటం పరిపాటి. నేటి పెద్దారవీడు, మార్కాపురం, కంభం ఉన్న సీమ నుంచి చూస్తే అదే చరిత్రలో మరొక ముఖం కనిపిస్తుంది.

1750 డిసెంబరులో పాండిచ్చేరి దర్బారులో ముజఫర్ జంగ్ డూప్లేకు ‘జఫర్ జంగ్’ బిరుదాన్ని, ఏడువేల మన్సబును ఇచ్చి, కృష్ణానదికి దక్షిణాన ఉన్న దేశానికి తన ప్రతినిధిగా ప్రకటించాడు. కాగితం మీద చూస్తే కంభం సీమ కూడా ఆ అధికారంలోనిదే. వాస్తవాధికారం కడప, కర్నూలు నవాబులది. రెండు నెలలైనా గడవకముందే, 1751 ఫిబ్రవరిలో రాయచోటి ప్రాంతంలోని లక్కిరెడ్డిపల్లె దగ్గర ఆ నవాబులే తిరగబడగా ముజఫర్ జంగ్ హతుడయ్యాడు. దాత మరణించాడు కనుక దానాలు ప్రశ్నార్థకమయ్యాయి. వెంట ఉన్న బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను పీఠమెక్కించి, పాత దానాలన్నింటినీ అతనిచేత ధ్రువీకరింపజేశాడు. గ్రహీత బతికి ఉండగానే బిరుదుకు కొత్త ఆమోదం అవసరమైందన్నది గమనార్హం. 1752లో ఫ్రెంచి రాజు డూప్లేను మార్క్విస్‌ను చేశాడు. ఆ గౌరవానికి లక్కిరెడ్డిపల్లె వంటి గండం లేదు.

డూప్లే స్థానంలో వచ్చిన గొదెహు వారసత్వ సమస్యను మరొక విధంగా పరిష్కరించాడు. ఆంగ్లేయులతో అతడు కుదుర్చుకున్న తాత్కాలిక సంధిలోని మొదటి షరతు ప్రకారం ఉభయ కంపెనీలూ దేశీయ పాలకులిచ్చే పదవులను, బిరుదులను శాశ్వతంగా వదులుకోవాలి. ఒక బిరుదు వారసత్వాన్ని వారసుడే నిరాకరించిన సందర్భమిది. అయినా గొదెహు బుస్సీని హైదరాబాదు నుంచి కదిలించలేదు.

అందుకు కారణం బిరుదు కాదు, భూమి. సలాబత్ జంగ్ బుస్సీకి ‘సైఫ్ ఉద్దౌలా’, ‘ఉమ్దతుల్ ముల్క్’, ‘గజన్‌ఫర్ జంగ్’ బిరుదులిచ్చాడు; 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను సేన ఖర్చు నిమిత్తం ఒప్పగించాడు. బొబ్బిలి కథ విన్న తెలుగువారందరికీ బుస్సీ తెలుసు. గజన్‌ఫర్ జంగ్ ఎవరంటే చెప్పగలవారు అరుదు. 1758లో లాలీ బుస్సీని వెనక్కు పిలిపించగా సర్కారుల సేనాధిపత్యం కాన్‌ఫ్లాన్స్‌కు వచ్చింది. అతనికి దక్కింది సేన మాత్రమే. నిజాము దర్బారులో బుస్సీకి ఉన్న పలుకుబడి కాదు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడిపోయాడు. మరుసటి ఏప్రిలులో మచిలీపట్నం కోట పోయింది. 1759 మే 14న సలాబత్ జంగ్ ఆంగ్లేయులతో సంధి చేసుకొని ఫ్రెంచివారికి తన రాజ్యంలో చోటు లేదన్నాడు. బిరుదులిచ్చిన చేయే ఆ సంధికి ముద్ర వేసింది.

రెండవ అంకంలో రేమాన్ ‘అజ్దర్ జంగ్’ అయ్యాడు. 1795 మార్చిలో ఖర్దా పరాజయం తరువాత నిజాం అలీఖాన్ అతని దళాన్ని పెంచి, అందులో కొంత భాగాన్ని కడపలో నిలిపాడు. కంపెనీ సరిహద్దుకు అంత చేరువలో ఫ్రెంచి అధికారుల కింది పటాలం ఉండటాన్ని గవర్నరు జనరలు సర్ జాన్ షోర్ సహించలేకపోయాడు. కడప సీమ ఆ కలహానికి కేంద్రమైంది. 1798 మార్చి 25న రేమాన్ మరణించగా పిరాన్ నాయకత్వం స్వీకరించాడు. అక్టోబరులో దాదాపు పద్నాలుగు వేల మంది దళాన్ని పెద్దగా రక్తపాతం లేకుండానే నిరాయుధం చేశారు. ఆ పనిని నడిపించిన కర్క్‌పాట్రిక్‌కూ అదే దర్బారు ‘హష్మత్ జంగ్’ బిరుదిచ్చింది. జంగ్ బిరుదు ఫ్రెంచి వంశాల్లో నిలవలేదు. ఫ్రెంచివారి చోటును ఆక్రమించినవారికి చేరింది.

బిరుదుకన్నా గట్టిగా సంక్రమించింది జీతపు బాధ్యత. 1798 సెప్టెంబరు 1 ఒప్పందం ప్రకారం సహాయక సేనకు నిజాము ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నగదు స్థానంలోకి భూమి వచ్చింది. టిప్పు నుంచి 1792, 1799లలో తనకు సంక్రమించిన ప్రాంతాలను నిజాము కంపెనీకి వదులుకున్నాడు. కంభం సీమ వాటిలో ఉంది. కోస్తా సర్కారుల రైతు బుస్సీ కాలంలో ఏ పేరున సేనను పోషించాడో, నల్లమల తూర్పు వాలున ఉన్న రైతు ఇప్పుడు అదే పని మొదలుపెట్టాడు. తేడా ఒకటుంది. సర్కారులు బుస్సీ చేతికి వచ్చింది సేనకు జీతమివ్వడానికి. కంభం సీమ కంపెనీకి వచ్చింది శాశ్వతంగా. దత్తమండలానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉండి, పాళెగాండ్రను అణచి, భూములు కొలిపించి శిస్తు నిర్ణయించాడు. కడప జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం తాలూకాలు 1858లో కర్నూలు జిల్లాకు, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు మారాయి.