మహామాయకు ముందు రగిలిన కొలుములు

ఉద్యోగమంతా భిలాయి ఉక్కు ప్లాంటులో, బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము దించే కాస్ట్‌హౌస్‌లో గడిపి రిటైరైనవాణ్ణి. భిలాయిలో ఇనుము కథ ఎవరిని అడిగినా 1955లో రష్యావాళ్లతో కుదిరిన ఒప్పందం, 1959లో రాజేంద్రప్రసాద్ గారు తొలి ఫర్నేస్‌ను ప్రారంభించడం, ఇక్కడే మొదలెడతారు. టెక్కలి నుంచి పనికొచ్చిన మా నాన్నదీ అదే కథ. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. ఈ దేశపు అడవుల్లో అంతకు చాలా ముందే ఇనుము కరిగింది.

కరిగించినవాళ్లు అగరియాలు, గోండులకు దగ్గరివాళ్లు. నడుమెత్తు మట్టి కొలిమిలో సాల చెట్ల బొగ్గు, ఎర్రటి ఖనిజం పోసి, తిత్తుల మీద నిలబడి కాళ్లతో తొక్కేవారు. చిట్టెం కారిపోయాక అడుగున చిన్న ఇనుప ముద్ద మిగిలేది. దాన్ని సాగగొడితే నాగటికర్రో గొడ్డలో అయ్యేది. లోహాసురుడు, కోయలాసురుడు, అగ్యాసురుడు వాళ్ల దేవుళ్లు: ఇనుము, బొగ్గు, నిప్పు. ఇక మిగిలింది గాలి, అది వాళ్ల కాళ్లలోనే ఉంది! మేమూ తక్కువ తినలేదు లెండి. 2018లో రగిలించిన మా 8వ ఫర్నేస్‌కూ దేవత పేరే, మహామాయ. రోజుకు 8 వేల టన్నులు తీయగలదు.

1942లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ అగరియాల మీద పుస్తకం తెచ్చేనాటికే ఆ కొలుములు ఆరిపోతున్నాయి. కొలిమికి పన్ను పడింది, చవక విలాయతీ ఇనుము సంతల్లోకొచ్చింది, రిజర్వు అడవుల్లో బొగ్గు కాల్చుకోవడానికి ఆంక్షలొచ్చాయి. అడవి నిలవాలంటే బొగ్గు కాల్చేవాణ్ణి ఆపాలన్నది దొరల లెక్క.

మా ఫర్నేసులకు ఖనిజం దల్లీ-రాజహరా కొండలది. అక్కడ చేత్తో తవ్విన ఆడామగా కూలీలు 1977లో శంకర్ గుహా నియోగి వెంట యూనియన్ కట్టారు. ఆ జూన్‌లో పోలీసు కాల్పుల్లో 11 మంది పోయారు. గని మొత్తం యంత్రాలకు అప్పగించొద్దు, సగం యంత్రం సగం మనిషి చాలని యూనియన్‌వాళ్లు వాదించారు. 1991 సెప్టెంబరు 28న నియోగిని భిలాయిలోనే కాల్చి చంపారు.

రాజహరాలో ఖనిజం తరిగిపోతుంటే చూపు రావ్‌ఘాట్ మీద పడింది. గోండులు రాజారావ్ దేవుణ్ణి కొలిచే కొండలవి. అక్కడ గని తవ్వడానికి 2009లో అటవీ అనుమతి వచ్చింది. నేను తినేది ప్లాంటు పెన్షనే, ప్లాంటు మూసెయ్యమనను. కానీ బుట్టెడు బొగ్గుకు అడవి పాడవుతుందన్న సర్కారే కొండకు కొండ తవ్వుకోమంటే ఏమనాలి? నరికిన సాలలకు బదులు వేరేచోట మొక్కలు నాటుతామంటారు. రాజారావ్‌ను ఎక్కడ నాటుతారు? ఊరి అడవి మీద హక్కు ఊరిదేనని 2006 అటవీ హక్కుల చట్టం రాసిపెట్టింది, అక్కడి ఊళ్లు ఆ కాగితమే పట్టుకుని అడుగుతున్నాయి.