శైవలాల డి.ఎన్.ఏ. మరమ్మతు: నడిగూడెం విజ్ఞాన వారసత్వంలో ఒక పరిభాషా చర్చ

మునగాల పరగణా చుట్టూ నైజాం రాజ్యం ఉన్నా, పాలనలో అది బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకు చెందింది. ఆ జమీందారీకి నడిగూడెం కోట కేంద్రం. రాజా నాయని వెంకటరంగారావు వద్ద దివానుగా పనిచేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులు. ఆ గ్రంథమాలను ప్రస్తావించేటప్పుడు పరిశోధకులు చరిత్ర గ్రంథాల దగ్గరే ఆగిపోతుంటారు. పరిభాషా చరిత్రకు మాత్రం ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’ వంటివి అంతే విలువైన ఆధారాలు.

డి.ఎన్.ఏ. జంట సర్పిల నిర్మాణం 1953లో గాని తేలలేదు. కాబట్టి ఆ తొలితరం వారు ఇవ్వలేని మాటలను తరువాతివారే కూర్చుకోవలసి వచ్చింది. శైవలాల (మన చెరువుల్లోని నాచు, పాచి ఈ జాతివే) డి.ఎన్.ఏ. మరమ్మతు అందుకు గట్టి పరీక్ష.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే డి.ఎన్.ఏ. పోగులో పక్కపక్కనున్న రెండు థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ నకలు తీసే పని కుంటుపడుతుంది. ఆహారం కోసం వెలుతురును వదులుకోలేని నాచుకు ఈ ప్రమాదం నిత్యం ఉన్నదే. విచిత్రమేమంటే విరుగుడూ వెలుతురులోనే ఉంది. ఫోటోలయేజ్ అనే ఎంజైము దెబ్బతిన్న చోట కూర్చుని, నీలికాంతి శక్తితో ఆ అతుకును విడదీస్తుంది. కాంతి వల్ల కలిగే ఈ కోలుకోలును 1949లో ఆల్బర్ట్ కెల్నర్ శైవలంలో కాదు, స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవిలో గుర్తించాడు. క్లమిడొమొనాస్ అనే ఏకకణ శైవలంలో పని మరింత చిక్కైనది. కేంద్రకంతో పాటు హరితరేణువుకూ సొంత డి.ఎన్.ఏ. ఉంది. 1977లో స్మాల్, గ్రీమన్ ఆ హరితరేణువు డి.ఎన్.ఏ.లో వెలుతురులోనూ చీకటిలోనూ జరిగే మరమ్మతును పరిశీలించారు.

ఈ ప్రక్రియను ‘పునరుద్ధరణ’ అనడం నాకు సమ్మతం కాదు. ఆ మాట పడిపోయినదాన్ని లేపడాన్ని సూచిస్తుంది. ఇక్కడ కణం బతికుండగానే పని సాగుతుంది. ‘మరమ్మతు’ ఉర్దూ నుంచి వచ్చినా పొలాల్లో, కచేరీల్లో ఇంకిపోయిన మాట. దాని కింద రెండు భేదాలు చూపాలి. ఫోటోలయేజ్ చేసేది చిక్కు విప్పడం. వెలుతురు అవసరం లేని రెండో పద్ధతిలో చెడిన భాగాన్ని కోసి తీసేసి, ఎదుటి పోగును చూసి ఖాళీని నింపుతారు. దీనికి కట్ట తెగిన చెరువుల సీమలో ‘గండి పూడ్చడం’ అనే మాట సిద్ధంగానే ఉంది.